తోకకి కట్టిన నిమ్మకాయ

ముప్పై రెండేళ్ళు స్టీల్ ప్లాంటులో క్రేన్లు బాగుచేసిన మనిషి రిటైరయ్యాక ఏం చెయ్యాలి? మా వీధిలో మిగతా పెద్దమనుషుల్లా పొద్దున్నే నడకకి వెళ్ళి, దారిలో రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, నడిచి కరిగించినదంతా మళ్ళీ కూడబెట్టుకుని ఇంటికి రావచ్చు. నేను విమానాలు కట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా వాటిని బొమ్మ విమానాలంటే ఒళ్ళు మండేది. వాటికి రెక్కలుంటాయి, మోటారుంటుంది, బ్యాటరీ ఉంటుంది, చేతిలో రిమోట్ పట్టుకుని నడపాలి, పడితే నిజం విమానంలాగే ముక్కలవుతాయి. కాబట్టి ‘మోడల్ విమానాలు’ అని దిద్దేవాణ్ణి. గోపాలపట్నంలో మా ఇంటి మేడమీది గదికి ‘వర్క్‌షాప్’ అని పేరు పెట్టాను. మా ఆవిడ దాన్ని చెత్తగది అంటుంది. మేమిద్దరం మాట్లాడుకునేది ఒకే గది గురించని ఇంటికొచ్చిన చుట్టాలకి కాసేపటికి గానీ తెలిసేది కాదు.

క్రేన్లు బాగుచేసినవాడికి ఒక అలవాటుంటుంది. ఒక బోల్టు సరిపోయే చోట నాలుగు బిగిస్తాడు. టన్నుల కొద్దీ ఇనుము మనుషుల నెత్తి మీద వేలాడే చోట అది బుద్ధి. విమానం దగ్గర అదే బుద్ధితక్కువ. ఈ తేడా తెలియడానికి నాకు మూడు విమానాలు పట్టాయి. మొదటిదానికి థర్మోకోల్ రెక్క వంగకూడదని లోపల ఇనప ఊచ దూర్చాను, ఒంటికి అల్యూమినియం పట్టీలు వేశాను, చక్రాల దగ్గర స్కూటర్ నట్లు బిగించాను. అది వెళ్ళి కొండని గుద్దితే దెబ్బ కొండకే తగిలేలా ఉండేది.

వాటిని ఊళ్ళో ఎగరెయ్యడానికి వీల్లేదు. విశాఖ నేవీ ఊరు, ఇక్కడి ఆకాశం వాళ్ళది. అందుకని నాలాంటి పిచ్చివాళ్ళం ఐదుగురం ఆదివారం పొద్దున్నే సబ్బవరం దాటి, ప్లాట్ల రాళ్ళు పాతి వదిలేసిన ఒక లేఅవుట్‌కి పోతాం. అక్కడ ఇళ్ళు రాలేదు గానీ నలభై అడుగుల వెడల్పు తారురోడ్డు వచ్చింది. అదే మా రన్‌వే. నా మొదటి విమానం ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి భీకరమైన శబ్దంతో పరుగెత్తి, ‘ప్లాట్లు అమ్మబడును’ అన్న బోర్డుని గుద్దుకుని ఆగింది. ఒక్క చక్రం కూడా నేల విడవలేదు.

“బావా, ఇది ఇమానమా, రోడ్డు రోలరా?” అన్నాడు పక్కనున్న మా బావ.

బావ అంటే చుట్టం కాదు. రుషికొండ అవతల ఒక పల్లెలో ఉంటాడు. సముద్రం మీద చేపల వేట అతని పని, ఫైబర్ పడవలకి పడిన పగుళ్ళు పూడ్చడం ఖాళీ రోజుల పని. నేను థర్మోకోల్ కోసం ఫిషింగ్ హార్బర్‌లో పాత చేపల పెట్టెలు ఏరుకుంటుంటే కనిపించి, “ఏటి బావా, సేపల్లేని పెట్టెలట్టుకుపోతన్నావు, ఇంట్లో ఏటి సెప్తావు?” అని అడిగాడు. మా వైపు మగాళ్ళిద్దరు రెండు నిమిషాలు మాట్లాడుకుంటే బావలైపోతారు. మేము నాలుగేళ్ళ నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నాం. నేను బావనైతే మా ఆవిడ అతనికి చెల్లెలు కదా. అతనికి తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. అందుకని ఈ చుట్టరికాన్ని నాకన్నా అతనే గట్టిగా పట్టుకున్నాడు. మా ఇంటికొస్తే చెల్లికి వంజరం చేప ముక్కలు తెచ్చేవాడు, నాకు సలహాలు తెచ్చేవాడు.

“పడవైనా ఇంతే బావా. బరువు ఎక్కడెట్టాలో అక్కడే ఎట్టాల. అన్ని సోట్లా ఎట్టీసి, తేల్లేదని సముద్రాన్ని తిడితే ఎలగ?”

మూడోది కూడా లేవకపోయాక అతని మాట విని ఇనుము మానేశాను. చేపల పెట్టెల థర్మోకోల్‌కి తోడు ఎన్నికలయ్యాక మిగిలిన ప్లాస్టిక్ బోర్డులు, వెదురు పుల్లలు వచ్చాయి. నాలుగో విమానం ఎగిరింది. పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్ల గురించి మా వీధిలో పదకొండు నెలలు చెప్పాను. ఆ తరవాత ఎగరెయ్యడం, పడెయ్యడం, ముక్కలు ఏరుకొచ్చి అతికించడం, మళ్ళీ ఎగరెయ్యడం. మామూలుగా ఒక గంట ఎగిరితే పది గంటలు అతికించాలంటారు. నాకు ఒక నిమిషానికి ఒక వారం పట్టేది. విమానం మీద రంగు కాగితం అంటించడానికి మా ఆవిడ ఇస్త్రీపెట్టె, తోక కదిపే తీగకి ఆమె జడపిన్నులు, థర్మోకోల్ కొయ్యడానికి కూరల కత్తి మేడెక్కిపోయేవి. పాపం ఆమెకి సవతి లేని లోటు ఆ వయసులో నేను తీర్చాను.

అయినా గాలిలో ఒకటి నిలబడిందంటే, నా పక్కన బావ నిలబడ్డాడు కాబట్టే. దూరాన చుక్కలా ఉన్న పడవ ఎవరిదో ఒడ్డు నుంచే చెప్పే కళ్ళు అతనివి. “ఎడం రెక్క వొంగతంది బావా... ఇప్పుడు మనేపు తిరిగింది... లేపు, లేపు” అని చెవిలో చెబుతూనే ఉండేవాడు. నేను ‘ఆ, నాకు తెలుసు’ అంటూ అతను చెప్పినట్టే చేసేవాణ్ణి. మిగతా నలుగురికి మాత్రం ‘చూపు విమానం మీదుండాలి, మనసు రిమోట్ మీదుండాలి’ అని పాఠాలు చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను సార్ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకు బాగా నచ్చింది.

నా చూపు సంగతి నాకు తెలుసు. ఎదురొచ్చే బండి దీపం పగిలిన గాజులా చెదిరి కనిపించేది. నీలం ఆకాశం పాలు కలిపినట్టుండేది. కళ్ళజోళ్ళ షాపతను పరీక్ష చేసి, “శుక్లాలండీ, రెండు కళ్ళకీ. డాక్టరుకి చూపించుకోండి” అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని రంగు డబ్బాల కింద పెట్టి, విమానాలకి ముదురు రంగులు వెయ్యడం మొదలుపెట్టాను. మొదట పసుపు, తరవాత నారింజ, తరవాత నారింజ మీద నల్ల చారలు. “ఏటండి ఇది, పెళ్ళి షామియానాలాగ?” అంది మా ఆవిడ. చీకటి పడ్డాక స్కూటర్ తియ్యకూడదని ఒక నియమం కూడా పెట్టుకున్నాను. అడిగినవాళ్ళకి, ఈ వయసులో పెందలాడే పడుకోవడం ఆరోగ్యమని చెప్పాను. కంట్లో కత్తి పెడతారంటే భయం ఒకటి. చూపు లేదని తెలిస్తే రిమోట్ పట్టుకోనివ్వరని అంతకన్నా పెద్ద భయం. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. ఆమెది మంచి హస్తవాసి అని మా వీధి మొత్తానికి నమ్మకం. ఎవరింట ఆవకాయ పెట్టినా మొదటి గుప్పెడు కారం ఆమె చేత్తోనే పడాలి. కొత్తింట్లో పాలు పొంగించాలంటే ఆమె రావాలి. ఎదురింటి అమ్మాయి కొత్త కుట్టుమిషన్ కొని, మొదటి కుట్టు ఈమె చేత వేయించుకుని, ఇప్పుడు నలుగురిని జీతానికి పెట్టుకుంది. మా ఆవిడ పదో తరగతి చదివింది, ఉద్యోగం చెయ్యలేదు, నా పేరు పక్కనే తన పేరు చెప్పుకుని బతికింది. తనకంటూ ఊళ్ళో ఉన్న పేరు ఆ చేతిదే. నేను దాన్ని ఎగతాళి చేస్తూనే ఉండేవాణ్ణి. ప్లాంటులో బాగుచేసిన క్రేన్ మొదటిసారి బరువెత్తే రోజున మాత్రం ఆమె చేత బొట్టు పెట్టించుకుని వెళ్ళేవాణ్ణి.

కిందటి దసరాకి మా ఇంట్లో ఎప్పటిలాగే స్కూటర్‌కి, మిక్సీకి, నా పాత స్పానర్లకి పూజ జరిగింది. విమానానికి ఎప్పుడూ జరగలేదు. సవతికి బొట్టు ఎవరు పెడతారు? ఆరోజు ఆమె పళ్ళెం పట్టుకుని తనంతట తానే మేడెక్కి వచ్చింది. నారింజ విమానం చుట్టూ ఒకసారి తిరిగింది. “దీన్నొక్కదాన్ని వొదిలీడం ఎందుకు?” అంటూ రెక్కలకి పసుపు రాసి, ముక్కుకి కుంకుమ పెట్టి, తోక దగ్గర ఒక నిమ్మకాయ, ఐదు పచ్చిమిరపకాయలు దారంతో కట్టింది. కట్టి, “ఆదివారం నానూ వస్తాను సూడ్డానికి” అంది. నాలుగేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చెప్పలేదు కూడా.

ఆదివారం అందరికీ పులిహోర కలుపుకుని మరీ వచ్చింది. జీడిమామిడి చెట్టు కింద దుప్పటి పరిచి గిన్నెలు సర్దుతోంది. బావ ఆ వారం వేటకి వెళ్ళాడు. నేను విమానాన్ని రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూశాను. సరిగా ఉన్న విమానం కాస్త ముక్కు వంచి నిలబడాలి. ఇది తోక వాల్చింది. నిమ్మకాయ బరువు. ఆమె నొచ్చుకుంటుందని, ఇటు చూడనప్పుడు దారం తెంపి, నిమ్మకాయ మిరపకాయలతో సహా జేబులో వేసుకున్నాను. అంతవరకు నేను మంచి మొగుణ్ణే.

విమానం చక్కగా లేచింది. మూడు చుట్లు తిరిగింది. చెట్టు కింద మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు తలకెక్కి, ఇంకా ఎత్తుకి, ఇంకా దూరానికి పంపాను. చారలు పోయాయి, తరవాత నారింజ రంగు పోయింది, పాల ఆకాశంలో ఒక మరక మిగిలింది. అది వస్తోందో పోతోందో తెలియలేదు. విమానం మనవైపు వస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది, చేతులు మార్చి ఆలోచించాలి. చెవిలో చెప్పే బావ లేడు. పోతోందనుకున్నాను. అది వస్తోంది. తిప్పాల్సిన వైపు కాక రెండో వైపు తిప్పి, పైకి లేపుతున్నాననుకుంటూ పూర్తి వేగంతో ఒక ప్లాటు మూలరాయికి కొట్టాను.

నలుగురూ పరుగెత్తారు, వెనక నేను. తోక తప్ప ఏమీ మిగల్లేదు. “ఏమైంది సార్? చక్కగా ఎగురుతోందిగా?” అన్నారు. అందరూ నా మొహమే చూస్తున్నారు. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. జేబురుమాలుతో పాటు నిమ్మకాయ బయటికి జారి, విరిగిన తోక పక్కన పడింది. ఆ క్షణంలో నా నోటి నుంచి ఏం రాబోతోందో నాకే తెలియదు.

“ఏటవుద్ది? ఇదిగో, మా ఆవిడ తోకకి కట్టింది. తోక బరువైతే ఏ విమానమైనా ఇంతే.”

అందరూ పడీ పడీ నవ్వారు. అప్పటికి మా ఆవిడ కూడా అక్కడికి వచ్చింది. చేతికి పులిహోర అంటుకుని ఉంది. ఆమె కూడా అందరితో పాటు నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద, “అంత చిన్న నిమ్మకాయకి పడిపోద్దేటండి?” అని ఒకసారి అడిగింది. నేను గురుత్వ కేంద్రం గురించి గోపాలపట్నం వచ్చేదాకా వివరించాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడు కనీసం మద్దెలకి సైన్సు పాఠం చెప్పలేదు.

అంతటితో ఆపినా బాగుండేది. ఆ కథ బాగా పండిందని మా వీధిలో చెప్పాను, పాలబూత్ దగ్గర చెప్పాను, ప్లాంటు పాత మిత్రులకి ఫోన్ చేసి చెప్పాను. వేట నుంచి వచ్చిన బావకి చెబితే అతనొక్కడే నవ్వలేదు. తోక ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, “తోక బరువైతే ముక్కు పైకి లెగాల కదా బావా. ఇది తిన్నగా రాయి మీదకే ఎల్లినట్టుంది” అన్నాడు. గాలి అన్నాను. ఏదో గాలి పేరు కూడా చెప్పాను.

మార్పు నాకు వెంటనే తెలియలేదు. మల్కాపురంలో మా మరదలు కొత్తింట్లోకి వెళ్తూ పాలు పొంగించడానికి అక్కని రమ్మంది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని నన్ను ఒక్కణ్ణే పంపింది. మోకాళ్ళతో మేడ మెట్లు రోజుకి నాలుగుసార్లు ఎక్కుతున్న మనిషి. వేసవి వచ్చింది, మామిడికాయలు వచ్చాయి. పక్కింటావిడ కారం పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, “ఈ ఏడు నీ సెయ్యే ఎయ్యమ్మా. నా సెయ్యి ఏటీ బాగులేదు” అనడం నేను హాల్లో పేపరు చాటు నుంచి విన్నాను. మా ఇంట్లో కూడా ఆవకాయ పెట్టలేదు. షాపు నుంచి సీసా వచ్చింది. ఆ ఊరగాయ కలుపుకున్న ప్రతి ముద్దకీ నిజం చెప్పేద్దామనుకున్నాను. అన్నం అయిపోయేది, నేను చెయ్యి కడుక్కునేవాణ్ణి. చెబితే కళ్ళ సంగతి చెప్పాలి, కళ్ళ సంగతి చెబితే రిమోట్ ఇచ్చెయ్యాలి. అరవై నాలుగేళ్ళ వాడు థర్మోకోల్ ముక్క కోసం పెళ్ళాం పేరు తాకట్టు పెట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? నేనే అప్పుడు నమ్మలేదు.

జూన్‌లో రెండు నెలల చేపల వేట నిషేధం అయిపోయింది. బావ, అతని తమ్ముడు కలిసి కొత్త ఫైబర్ పడవ చేయించుకున్నారు. మొదటిసారి నీళ్ళలోకి దింపే రోజు పొద్దున్నే మమ్మల్ని రమ్మన్నారు. గోపాలపట్నం నుంచి స్కూటర్ మీద వెళ్ళాం. ఒడ్డంతా వాళ్ళ జనం. పడవకి నీలం రంగు, అంచుకి పసుపు రంగు. దగ్గరగా వెళ్తే నాకూ కనిపించింది. కెరటాలు పెద్దగా ఉన్నాయి, ఆ నెలలో అలాగే ఉంటాయి. గంగమ్మకి దణ్ణం పెట్టాక బావ పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చి మా ఆవిడ ముందు నిలబడ్డాడు.

“రా సెల్లీ. ఆడపడుసు సెయ్యి పడితే గానీ మన పడవ కదల్దు.”

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. “నాను కాదన్నయ్యా. ఇంకెవులిసేతైనా ఎట్టించు.”

“ఇంకెవులున్నారు నాకు?”

“నా సెయ్యి మంచిది కాదన్నయ్యా. ఇమానమంటే రాయికి కొట్టుకుంది, పోనాది. ఇందులో మనుసులెల్తారు.”

మెల్లగానే అంది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళకి వినిపించింది. “పడవకాడ అలాటి మాట అనకమ్మా” అంది ఒక ముసలామె. బావ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. మా ఆవిడ తల దించుకుని ఇసకలోకి చూస్తోంది, నావైపు చూడటం లేదు. ఆమె నన్ను తప్పుపట్టడం లేదు. తననే తప్పుపట్టుకుంటోంది. ఎనిమిది నెలలుగా నేను నవ్వులాట అనుకున్నది ఆమె నిజమని నమ్మింది. నాకు ఒళ్ళంతా సిగ్గు కమ్మేసింది.

“ఆ రోజు తోకకి నిమ్మకాయ లేదు” అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. గొంతు పెంచాల్సి వచ్చింది.

“నానే తీసీసినాను. ఎగరెయ్యకముందే తీసి జేబులో ఎట్టుకున్నాను. ఇమానం నాకు కనపళ్ళేదు. వస్తందో పోతందో తెలీక నానే రాయికి కొట్టీసినాను. నాకు కళ్ళు కనపట్టం లేదు. రెండు కళ్ళకీ శుక్లాలు. నీ సేతిది ఏటీ లేదు.”

ఆమె తల ఎత్తింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె లెక్క కట్టుకుంటోందని తరవాత తెలిసింది.

“ఎన్నాళ్ళై కనపట్టం లేదు?”

“దసరా ముందు నుంచీ.”

“మరి ఇయ్యాల గోపాలపట్నం నుంచి ఇక్కడిదాకా బండెవులు నడిపినారు?”

“నానే.”

“ఎనకాల ఎవులు కూకున్నారు?”

“నువ్వే.”

“ఓలమ్మా!” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అంది, అదీ అంత జనం మధ్య. “నీకు కనపట్టం లేదా? లారీలు, బస్సులు, ఆ హైవే... నన్నెక్కించుకుని తిప్పినావా ఎనిమిది నెల్లు?”

ఒడ్డంతా ఘొల్లుమంది. ముసలామె కూడా నవ్వింది. బావ మాత్రం పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చాడు.

“సెల్లీ, బండి మీద కూకున్నప్పుడు నీ సెయ్యి ఎక్కడెట్టుకుంటావు?”

“ఈయన భుజం మీద” అంది ఆమె, ఇంకా కోపంగానే.

“మరి గుడ్డోడు నడిపిన బండి ఎనిమిది నెల్లు ఒక్క గీత పడకుండా తిరిగిందంటే, అది ఈడి గొప్పేటి?”

ఆమె అతనికేసి చూసింది. తన చేతికేసి చూసుకుంది. అప్పుడు పళ్ళెం అందుకుంది. పడవ ముక్కుకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి కొట్టింది. అయినా అరచెయ్యి పడవ మీంచి తియ్యకుండా కాసేపు అలాగే నిలబడింది.

మగవాళ్ళందరూ కలిసి పడవని నీళ్ళలోకి తోశారు. బావ, తమ్ముడు ఎక్కారు. ఇంజన్ మొదలైంది. ఒడ్డు దగ్గర కెరటాల వరస దాటేదాకా అందరూ ఊపిరి బిగబట్టుకుని చూస్తారు, దాటితే ఇంక భయం లేదు. నేనూ చూస్తున్నట్టు నిలబడ్డాను. నాకు కనిపించేది ఎండ, దాని కింద కదిలే తెలుపు, అంతే. నీలం రంగు ఎప్పుడో కలిసిపోయింది.

మా ఆవిడ నా ముంజేతిని పట్టుకుంది. ప్రేమతో కాదు, పక్కనున్నది నేనే కాబట్టి. మొదటి కెరటానికి ఆ పట్టు కొంచెం బిగిసింది. రెండోదానికి ఇంకా బిగిసింది. ఇంజన్ చప్పుడు రెండుసార్లు దగ్గినట్టయి ఆగిపోయింది. ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కసారి అరిచారు. “ఏటైంది?” అన్నాను. ఎవరూ చెప్పలేదు. ఆమె గోళ్ళు నా చర్మంలోకి దిగాయి. ఆ పడవలో ఇద్దరు మనుషుల ప్రాణాలు ఆ నిమిషంలో ఆమె చేతిలోనే ఉన్నాయని ఆమె నమ్ముతోంది. అలా నమ్మేలా చేసింది నేను. ఇంజన్ తాడు లాగుతున్న చప్పుడు లీలగా వినిపించింది. ఒకసారి. ఇంకోసారి. నేను ఏ దేవుణ్ణీ పెద్దగా పిలవను. అప్పుడు పిలిచాను.

ఇంజన్ అందుకుంది. వెంటనే కాదు, ఇంకో కెరటం వెళ్ళాక ఆమె వేళ్ళు ఒకటొకటిగా వదులయ్యాయి.

“దాటింది” అంది.

గొంతు వింటే ఏడుస్తున్నట్టుంది, లేదా నవ్వుతోందేమో. చూద్దామని ఆమె వైపు తిరిగాను. ఆమె వెనకాల సముద్రం మీద పొద్దుటి ఎండ తెల్లగా మండుతోంది. మొహం ఉండాల్సిన చోట నాకు ఆ తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. ఈసారి ఆ మాట అప్పుడే ఆమెకి చెప్పాను.